రెండు సీట్ల బండి

ఆసిఫాబాద్‌లో అంబదాస్ తన టేకు కట్టెల షెడ్డు తలుపు తెరిచి, పాత గోనెసంచులు ఒక్కొక్కటే పక్కకు గుంజుతుంటే దామోదర్‌రావు గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంచుల కింద నుంచి ముందు రెండు గుండ్రటి దీపాలు, తర్వాత పొడుగాటి మూతి, ఆ తర్వాత మోకాలంత ఎత్తు కూడా లేని తలుపు బయటపడ్డాయి. ఎర్ర రంగు వెలిసి మట్టిరంగుకు తిరిగింది. పైన ఉండాల్సిన గుడ్డ టాపును ఎలుకలు ఎప్పుడో పంచుకుతిన్నాయి.

"అబ్బ!" అన్నాడు దామోదర్‌రావు. యాభై దాటిన మనిషి, కరీంనగర్‌లో రైసుమిల్లు నడిపేవాడు, బేరానికి పోయినచోట సరుకును చూసి అబ్బ అనగూడదని తెలియనివాడా? తెలుసు. అయినా నోరు ఆగలేదు.

అంబదాస్‌కు ఆ ఒక్క మాట చాలు. "చాందా గనులల్ల పనిజేసిన ఇంగ్లీషు ఇంజినీరుది రావ్‌సాబ్. ఆయన వాళ్ల దేశం పోతపోత మా మామకు అమ్మిండు. బరాబర్ చూస్కోండ్రి. మన దిక్కు గిసొంటి బండి ఇంకోటి చూపెడితే నా పేరు మార్చుకుంట" అన్నాడు. ఇక బేరం అన్నది పేరుకే జరిగింది.

కొండల్ మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా బానెట్ లేపాడు. దామోదర్‌రావు జీపు ఏళ్ల తరబడి నడుపుతున్న మనిషి. ఆయిల్ పుల్ల తీసి చివరను రెండు వేళ్ల నడుమ రుద్దాడు, వాసన చూశాడు, బెల్టును బొటనవేలితో నొక్కాడు. తువ్వాల నేల మీద పరిచి బండి కిందికి దూరాడు. చాలాసేపటికి నెత్తినిండా రంపపు పొట్టుతో బయటికొచ్చాడు.

"ఇంజన్ల దమ్మున్నది దొరా. ప్లగ్గులు కడిగి, కొత్త బ్యాటరీ ఏస్తే లేస్తది" అన్నాడు. తర్వాత బండి లోపలికి తొంగిచూసి, "గని దీంట్ల రెండే సీట్లున్నయి" అన్నాడు.

"ఔ. నాకొకటి, దొర్సానికొకటి."

"మరి డ్రైవర్ ఏడ కూసోవాలె?"

"డ్రైవర్ దుబాయి పోతుండు గదరా! నువ్వు పోయినంక ఇంకొకన్ని పట్టుకొని, నా తిక్కలన్ని వానికి మల్ల కొత్తగ నేర్పాల్నా? నాతోని కాదు. నేనే నడుపుకుంట."

కొండల్ చేత్తో మూతి కప్పుకొని నవ్వాడు. అతని అక్క మొగుడు సాంబయ్య దుబాయిలో ఒక కంపెనీలో లారీ నడుపుతాడు. అదే కంపెనీలో బామ్మర్దికి జాగ చూశాడు. దసరా వెళ్లగానే కొండల్ బొంబాయి పోయి కంపెనీవాళ్ల ముందర బండి నడిపి చూపాలి, అసలు లైసెన్సు వాళ్ల చేతిలో పెట్టాలి. ఆ గండం దాటితే విమానమే. కొండల్ తల్లి ఐలవ్వ ఇంటి మీది గడ్డి తీసేసి పెంకలు వేయించడానికి మేస్త్రీతో మాట్లాడి కూడా పెట్టింది. ఊరంతా కొండల్‌ను అప్పుడే "దుబాయి కొండల్" అని పిలుస్తోంది.

ఆ సాయంత్రానికి బండి లేచింది. తెల్లారి ఆసిఫాబాద్ నుంచి ఇద్దరూ బయల్దేరారు. శ్రీరాంపూర్ దాకా కొండల్ నడిపాడు. బొగ్గుగనిలో డ్యూటీ దిగి నల్లటి మొహాలతో వస్తున్న కార్మికులు దారి పక్కన ఆగి, టాపు లేని బండిని చూసి ఈలలు వేశారు. ఒకాయన నెత్తిమీది టోపీ తీసి సలాం కొట్టాడు. దామోదర్‌రావు తనకు తెలియకుండానే చెయ్యి లేపి ఊపాడు. ఇన్నేళ్లూ దండాలు అందుకున్నాడే గాని, ఒకరికి చెయ్యి ఊపిన జ్ఞాపకం ఆయనకు లేదు.

"ఆపురా. నేను నడుపుత" అన్నాడు.

సీట్లు మారారు. దామోదర్‌రావు వయసులో ఉన్నప్పుడు జీపు నడిపినవాడే, కాని ఇది వేరు. కూర్చుంటే సడక్ నడుముకు తగులుతున్నట్టే ఉంది. గేరు వేయబోతే గర్రుమంది. "క్లచ్ మీద కాలు ఉంచకుండ్రి. తొక్కాలె, ఇడువాలె. గట్ల కాదు దొరా, మెల్లగ. ఇగో, ఇప్పుడు" అంటూ కొండల్ తన చేతిని ఆయన చేతిమీద వేసి గేరు మార్పించాడు. ఆ తర్వాత బండి సాఫీగా సాగింది. గాలి లాల్చీలోకి దూరి బుడగలా ఉబ్బించింది. దామోదర్‌రావు పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో అడిగితే చెప్పలేడు.

"లైసెన్స్ గుడ కొత్తది చేయించుకోండ్రి దొరా. మీది పాతవడ్డది గద" అన్నాడు కొండల్.

"లైసెన్స్ కడుపు కోసం నడిపేటోనికిరా. నన్నెవడు అడుగుతడు?"

నిజమే అనుకున్నాడు కొండల్, ఆయన్ను ఎవరూ అడగరు.

*

"బండి దేనికి వాడుతవని అడుగుతది కంపెనీ. సొంతానికా, కిరాయికా, యాపారానికా?" అన్నాడు జైపాల్‌రావు. దామోదర్‌రావు భార్య జానకీబాయికి తమ్ముడు. ఇన్సూరెన్సు ఏజెంటు. అక్క చేతి చాయ్ తాగుతూ బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"సంతోషానికి" అన్నాడు దామోదర్‌రావు.

"గట్ల రాసేటందుకు జాగ లేదు బావా."

"ఏం ఇన్సూరెన్సువయా మీది! మనిషి సచ్చుడుకు జాగుంటది గని సంతోషానికి లేదా?"

జానకీబాయి అరుగు మీద నిలబడి నవ్వు ఆపుకుంది. కొండల్ బండి పక్కన గొంతుక్కూర్చొని, తడిగుడ్డతో చక్రం పుల్లలు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. మొన్నటి నుంచి అదే పని. దీపాల చుట్టూ ఉన్న చిలుమును చింతపండుతో రుద్దితే కింద నుంచి తెల్లటి మెరుపు వచ్చింది. ఎర్ర రంగు కూడా మైనం పట్టేసరికి ఒళ్లు విరుచుకుంది.

"సరే, సొంతానికని రాస్త. ఇగ రెండు తీర్ల ఇన్సూరెన్సుంటది బావా. ఒకటి, మన బండి తాకి ఎదుటోనికి ఏమన్న అయితే వానికిచ్చేది. ఇంకోటి ఫుల్లు. మన బండి ఖరాబైనా ఇస్తది. ఏది చేద్దాం?"

"ఫుల్లే చెయ్. దీనికి గీత పడితే గిసొంటి రంగు మల్ల దొరుకుతదా?"

ఎదుటివాడి గురించి ఆ పూట ఎవరూ ఇంకో మాట మాట్లాడలేదు.

జైపాల్‌రావు చాయ్ కప్పు కింద పెట్టాడు. "నడిపేటోనికి లైసెన్స్ మాత్రం పక్కాగుండాలె. గదొక్కటి లేకుంటే కంపెనీ ఎవ్వలికీ చిల్లిగవ్వ ఇయ్యది. మనకూ ఇయ్యది, ఎదుటోనికీ ఇయ్యది. నీకున్నది గద?"

"ఉన్నది, ఉన్నది. రాయి."

ఉన్న మాట నిజమే. బీరువాలో, పెళ్లినాటి పట్టుపంచెల కింద ఉంది. దాని గడువు తీరి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. జానకీబాయి భర్త వైపు ఒకసారి చూసింది. జైపాల్‌రావుకూ అనుమానం రాకపోలేదు. కానీ అక్క మొగుణ్ని "ఏదీ, చూపియ్యి" అని అడిగే బామ్మర్ది ఆ ఇళ్లలో ఇంకా పుట్టలేదు.

"ఎల్లుండి మంచిరోజు. కొండగట్టు అంజన్న గుడికి పోయి పూజ చేయిద్దాం. నువ్వు నా పక్కన కూసోవాలె" అన్నాడు దామోదర్‌రావు భార్యతో.

"టాపు లేని బండిల నేనా? జనం నడుమ ఆరేసిన చీర లెక్క?"

"కూసోని సూడు. దిగనంటవు."

"ఈ మనిషికి ఏం పుట్టిందో!" అంది జానకీబాయి. కాని ఆ సాయంత్రం ఏ చీర కట్టుకోవాలో చూసుకోవడానికి పెట్టె తెరిచింది.

*

కొండగట్టు మీద పూజారి బండి మూతికి సింధూరం పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. వెనకాల జీపులో కొండల్, ఐలవ్వ వచ్చారు. ఐలవ్వకు కొడుకు ప్రయాణం మొక్కు ఉంది. ఆమె కొబ్బరికాయ కొట్టే లోపల ఒక కోతి ఎర్రబండి సీటులో దర్జాగా కూర్చొని అరటిపండు ఒలుచుకుంది. అందరూ నవ్వారు. "ఇంకేం, అంజన్నే కూసున్నడు. మీ బండికి మంచి శకునం దొర్సానీ" అంది ఐలవ్వ.

కొండ దిగి సడక్ ఎక్కాక దామోదర్‌రావుకు చెయ్యి కుదిరింది. గేరు గర్రుమనకుండా పడింది. రెండు వైపులా మక్కచేన్లు కోతకొచ్చి ఉన్నాయి. జానకీబాయి మొదట కొంగు నెత్తిమీదికి లాక్కొని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ఒక చేత్తో పట్టుకుంది. ఆ తర్వాత వదిలేసింది. కొంగు జారి వెనక్కి ఎగిరింది, ముడి వదులై నెరిసిన జుట్టు మొహం మీద పడింది. ఆమె గట్టిగా, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. అది చూడ్డానికే దామోదర్‌రావు పక్కకు తిరిగాడు.

చేని బాట నుంచి సడక్ మీదికి సైకిలు ఎక్కింది. వెనక క్యారియరు మీద మక్కకంకుల మూట. జానకీబాయి "అయ్యో!" అంది. దామోదర్‌రావు బ్రేకు అనుకొని తొక్కాడు, క్లచ్ తొక్కాడు, మళ్లీ బ్రేకు తొక్కాడు. బండి పక్కకు గుంజుకుంటూ పోయి సైకిలుకు తగిలింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. కంకులు సడక్ నిండా దొర్లాయి. సైకిలు కింద ఒక ముసలాయన. ఆయన కాలు ఉండాల్సిన తీరుగా లేదు.

చేన్లలోంచి మనుషులు ఉరికివచ్చారు. "మొండయ్య! మన మొండయ్య రా!" అని అరిచారు. ఎవరో కొడవలి చేతబట్టుకునే వచ్చారు. అది కోతకు తెచ్చుకున్నదే, అయినా దామోదర్‌రావు దాన్నే చూశాడు. ఆ రోజుల్లో కాలం మునుపటిది కాదు. సొంతూళ్లో గోడల మీద నక్సలైట్ల ఎర్ర రాతలు పడ్డాకే ఆయన కోటలాంటి తన గడికి తాళమేసి కరీంనగర్ వచ్చాడు. ఇప్పుడు సడక్ నడుమ తెల్లటి లాల్చీలో, మెడలో బంగారు గొలుసుతో నిలబడి ఉన్నాడు.

జీపు వచ్చి ఆగింది. కొండల్ దూకి మొండయ్య దగ్గరికి ఉరికాడు. సైకిలు లేపి పక్కన పడేశాడు. తువ్వాల విప్పి కాలికి కట్టాడు. ఐలవ్వ వచ్చి ముసలాయన తల ఒడిలో పెట్టుకుంది. కొండల్ లేచి చుట్టూ చూశాడు. ఎర్రబండి సడక్‌కు అడ్డంగా ఉంది, జీపు పోయే తోవ లేదు.

"తాళంచెవి ఇయ్యుండ్రి దొరా" అని చెయ్యి చాచాడు.

దామోదర్‌రావు తాళంచెవి ఇచ్చాడు. కొండల్ బండిలో కూర్చొని స్టార్ట్ చేసి వెనక్కి తీస్తుండగానే, అటుగా వచ్చిన బస్సులోంచి ఒక పోలీసాయన దిగాడు. మనుషులను తోసుకుంటూ వచ్చి, స్టీరింగు ముందర ఖాకీ అంగీలో ఉన్నవాణ్ని చూశాడు. రెక్క పట్టుకొని కిందికి గుంజాడు.

"నువ్వేనా బే డ్రైవర్?"

కొండల్ దామోదర్‌రావు దిక్కు చూశాడు.

దామోదర్‌రావు కూడా చూశాడు. చెప్పాలనే అనుకున్నాడు. ఇంతమంది నడుమ కాదు, ఠాణాకు పోయాక ఎస్సైకి నిమ్మళంగా చెబుదాం అనుకున్నాడు. కొండల్ ఇంకా చూస్తూనే ఉన్నాడు. పోలీసాయన మెడమీద ఒక్కటి వేశాడు.

"నేనే సార్" అన్నాడు కొండల్.

మొండయ్యను జీపులో వేసుకొని కొండల్, ఐలవ్వ, పోలీసాయన కరీంనగర్ దవాఖానకు పోయారు. దామోదర్‌రావు, జానకీబాయి బస్సెక్కారు. సీట్లో ఉన్నవాళ్లు లేచి జాగ ఇచ్చారు. దారి పొడుగునా ఆమె కొంగు నెత్తిమీద గట్టిగా పట్టుకొని కూర్చుంది.

*

ఠాణాలో ఎస్సైకి నిమ్మళంగా చెప్పే సమయం దొరికింది. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. కాని అప్పటికే జైపాల్‌రావు వచ్చి బయట చెట్టుకింద బావను పట్టుకున్నాడు.

"కొండల్ బతికిచ్చిండు బావా! నువ్వు నడిపినవని కాయితం మీద పడితే లైసెన్స్ లేదంటరు. కంపెనీ చేతులెత్తేస్తది. గా కాలిరిగినోనికి ఒక్క పైస రాదు. కొండల్ పేరుంటే అందరికీ మంచిదే. వానికేంది, జుర్మాన కడితే పోతది."

దామోదర్‌రావు ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాడు. నిజమే కదా, మొండయ్య కోసమైనా ఇట్లాగే ఉండాలి! జామీను మీద సంతకం పెట్టి కొండల్‌ను విడిపించాడు. ఇంటికొచ్చి భార్యతో అన్నాడు: "వాడే ముందుకొచ్చిండు. నేను అడుగనన్న అడుగలే. ఉప్పు తిన్న విశ్వాసం అంటే గది."

జానకీబాయి వంటింట్లోకి పోయింది.

మరునాడు మిల్లులో గుమాస్తాతో అదే మాట చెప్పాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలతో అదే చెప్పాడు. "గిప్పటి కాలంల గసొంటోళ్లు ఏడున్నరు!" అని వాళ్లు ఆశ్చర్యపోయారు. చెప్పిన ప్రతిసారీ దామోదర్‌రావుకు కాస్త ఊపిరాడేది.

కొండల్ రోజూలాగే పొద్దున్నే వచ్చి జీపు తుడిచాడు. తుడవడం అయ్యాక అరుగు కింద నిలబడ్డాడు.

"దొరా, నా లైసెన్స్ ఎస్సై సారు గుంజుకున్నడు. బొంబాయిల అదే అడుగుతరు. జర ఇప్పియ్యుండ్రి."

"అదెంత పనిరా! ఫికర్ చెయ్యకు."

అంత పనే అయింది. ఎస్సై మళ్లీ కుర్చీ వేశాడు, మళ్లీ చాయ్ తెప్పించాడు. "లైసెన్స్ కోర్టుకు పంపిన సార్. నా చేతిల లేదు. కోర్టుకేమో దసరా సెలవులు. తెరిచినంక వకీలుతోని అర్జీ పెట్టియ్యుండ్రి" అన్నాడు. వకీలు దగ్గరికి పోతే ఆయన పండక్కి ఊరెళ్లాడు. దామోదర్‌రావు ఫోన్లు చేశాడు, తెలిసిన పెద్దమనుషుల ఇళ్లకు తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి సకినాలు పెట్టారు. పని మాత్రం కాలేదు.

"నిజం చెప్తే ఇస్తరు గద" అంది జానకీబాయి ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"చెప్తే మొండయ్యకు పైసలు రావు. నీకు తెల్వది, ఊకో."

"మొండయ్యకు మనం ఇయ్యలేమా? గా బండి అమ్ముండ్రి. మిల్లున్నది, పొలమున్నది. ఇన్సూరెన్సోడు ఇస్తేనే ఆయనకు కాలు అతుకుతదా?"

"పైసల ముచ్చట గాదు. దొర తాగి గుద్దిండని తెల్లారేసరికి గోడల మీద రాస్తరు. నేను ఊళ్లె మొఖం ఎట్ల చూపెట్టాలె?"

"మీరు తాగలేదు గద."

"రాసేటోనికి గదంత కావాల్నా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టి, ఆయన మొహంలోకి చూసింది. "మీకు మొండయ్య మీద అక్కర లేదు. ఒక్కసారి గుడ దవాఖానకు పోలే. కొండల్ పోతుండు, రోజు పోతుండు. పోరని బతుకు ఆగిపోయింది. నన్ను నవ్వించుకుంట బండి నడిపింది మీరు. ఆ నవ్వు యాదికొస్తే నాకు నామీదనే రోత పుడుతుంది" అంది. దామోదర్‌రావు అన్నం తినకుండానే కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

అన్నిటికంటే ఆయన్ను బాధపెట్టింది ఇంకొకటి. మధ్యాహ్నం కునుకు తీయబోతూ, కొండల్ బొంబాయి పోకపోతే మళ్లీ జీపుకు డ్రైవర్ను వెతకక్కర్లేదన్న ఆలోచన తనంతట తానే వచ్చింది. వచ్చి, కాసేపు హాయిగా కూడా అనిపించింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఛీ అనుకున్నాడు. అనుకున్నా అది పూర్తిగా పోలేదు.

దసరా వచ్చింది. ఏటా జమ్మి ఆకు పట్టుకొని అందరికంటే ముందు వచ్చి కాళ్లు మొక్కేది కొండల్. ఆ సాయంత్రం దామోదర్‌రావు అరుగు మీద పీట వేయించుకొని కూర్చున్నాడు. మిల్లువాళ్లు వచ్చారు, హమాలీలు వచ్చారు, జైపాల్‌రావు వచ్చాడు. కొండల్ రాలేదు. తెల్లారి జీపు తుడవడానికి కూడా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఎర్రబండిని ఠాణా నుంచి విడిపించి తెచ్చారు. ఒక దీపం పగలడం తప్ప దానికేమీ కాలేదు. ఇన్సూరెన్సువాళ్లు వచ్చి చూసిపోయారు, కొత్త దీపం హైదరాబాద్ నుంచి తెప్పిస్తామన్నారు. అంత పెద్ద పొరపాటుకు బండి మీద ఒక్క గీత కూడా పడనందుకు దామోదర్‌రావుకు దాన్ని చూస్తేనే కోపం వచ్చింది. గోనెసంచులు కప్పించాడు.

మరునాడు పొద్దున స్నానం చేసి, బట్టలు మార్చుకొని, భార్యతో "ఐలవ్వ ఇంటికి పోతున్న. కొండల్‌ను తోలుకొని ఠాణాకు పోత. ఉన్నదున్నట్టు చెప్త" అన్నాడు. జానకీబాయి ఆయన చెప్పులు తానే తెచ్చి ముందర పెట్టింది.

*

కొండల్ ఊరికి దామోదర్‌రావు ఎన్నోసార్లు పోయాడు. కొండల్ ఇంట్లోకి ఎప్పుడూ పోలేదు. బస్సు దిగి అడుగుతూ అడుగుతూ పోతే, గడ్డికప్పు ఇంటి ముందర తల్లీకొడుకులు మక్కకంకులు ఒలుస్తూ కనిపించారు. కొండల్ బొటనవేలితో పొట్టు చీల్చి ఒక్క గుంజుతో కంకిని బయటికి తీస్తున్నాడు. వాకిలి పక్కన మేస్త్రీ తెచ్చి దించిన పెంకలు కుప్పగా ఉన్నాయి. కొన్ని వెనక్కి పంపడానికి గడ్డి చుట్టి కట్టి ఉన్నాయి.

ఐలవ్వ దిగ్గున లేచి మంచం వాల్చింది. "కూసోండ్రి దొరా" అంది. కొండల్ కూడా లేచి నిలబడ్డాడు. దామోదర్‌రావు కూర్చున్నాక మళ్లీ కూర్చొని కంకి అందుకున్నాడు.

"లెవ్వురా. ఠాణాకు పోదం. బండి నేనే నడిపిన అని చెప్త. కాయితం మీద నా చేతితోని రాసిస్త. నీ లైసెన్స్ నీకొస్తది, బొంబాయి పోదువు. తోవ ఖర్చు నాది" అన్నాడు దామోదర్‌రావు ఒక్క గుక్కలో. దారంతా కూడబెట్టుకున్న మాటలు అవి.

కొండల్ చేతులు ఆగలేదు. "ఇంకేడి బొంబాయి దొరా. మొన్ననే మా బావ పోస్టాఫీసుకు ట్రంకాల్ చేసిండు. నేను అందకపోతే గా జాగల ఇంకొకన్ని పెట్టుకున్నరట."

"ఇంకో జాగ చూడుమని చెప్త సాంబయ్యకు. నేను మాట్లాడుత. ముందుగాల నిజమైతే చెప్పనియ్యి."

"ఇప్పుడెట్ల చెప్తరు? నేనే నడిపిన్నని సంతకం పెట్టిన. అవద్దం చెప్పిన్నని నామీద ఇంకో కేసు పెడుతరు. మొండయ్యకు రావల్సింది రాకుంట పోతది. ఆయనకు కొడుకుల్లేరు. ఆయన పెండ్లాం దవాఖానల నేల మీద పండుకుంటుంది. పైసలొస్తయి, పైసలొస్తయి అని రోజు నేనే ధైర్నం చెప్తున్న."

"మొండయ్యకు నేనిస్త. నా చేతితోని ఇస్త."

"ఇయ్యుండ్రి. ఎవ్వలద్దన్నరు? మీరిచ్చేది వేరు, వాళ్లకు హక్కుగ వచ్చేది వేరు."

దామోదర్‌రావు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు నాకోసం చేసింది ఎవ్వలు చెయ్యరు కొండల్. అందరితోని అదే చెప్తున్న. అడుగకముందే ముందుకొచ్చి..."

"నేను ముందుకు రాలే దొరా" అన్నాడు కొండల్.

కంకి గంపలో పడేసి మొదటిసారి ఆయన వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"తాళంచెవి అడిగింది బండి పక్కకు పెట్టేతందుకు. మొండయ్యను జీపుల ఏసుకుందమని. నేనే డ్రైవర్నని చెప్పేతందుకు కాదు. పోలీసాయన రెక్కపట్టి గుంజితే మీ దిక్కు చూసిన. మా దొర చెప్తడు గదా అనుకున్న. చూస్తనే ఉన్న. ఇగ చెప్పరని ఎరుకైనంక నేనే అన్న. అంతమందిల మీ ఇజ్జతు తీసుడు ఎందుకని."

దామోదర్‌రావు మంచం పట్టె పట్టుకున్నాడు. ఇన్నాళ్లు ఊరందరికీ చెప్పుకున్న ఉప్పు, విశ్వాసం అన్న మాటలు గుర్తొచ్చి మొహం కాలిపోయింది.

ఐలవ్వ మధ్యలోకి వచ్చింది. "ఊకో బిడ్డా. ఇంటికొచ్చినోళ్లను గట్లనొద్దు." ఆ తర్వాత దామోదర్‌రావుతో, "వాడు ఇగ జీపు మీదికి రాడు దొరా. ఇంకొకన్ని చూసుకోండ్రి" అంది. ఆ మాట చెప్పడం ఆమెకు కష్టంగానే ఉంది. చెప్పి, కిందపడ్డ పొట్టు ఏరసాగింది.

కోళ్లు రాలిన గింజలకు వచ్చాయి.

"కోర్టుల?" అన్నాడు దామోదర్‌రావు చివరికి.

"తెరిచినంక తారీఖు పడుతదట. ఒప్పుకుంటే జుర్మానతోని పోతదని వకీలు చెప్పి పంపిండు. ఒప్పుకుంట."

"ఆనాడు నేనొస్త. నీ పక్కన నిలబడుత. ఒక్కనివే పోవద్దు. గదన్న చెయ్యనియ్యి నన్ను."

"వద్దు దొరా."

"తప్పు నాది గదరా! పక్కన నిలబడేతందుకు గుడ వద్దంటవా?"

"మొండయ్యను గుడ పిలుస్తరట. కర్రల మీద వస్తడు. నేను పోయినప్పుడల్ల ఒక్కటే అంటడు, బండి నడిపినాయినది తెల్లంగి, మెడల బంగారి గొలుసు అని. 'నీకు దెబ్బ తాకి కండ్లు తిరిగినయే తాతా, నేనే నడిపిన' అని చెప్పుకుంటొస్తున్న. ఇప్పుడిప్పుడే నమ్ముతుండు." కొండల్ ఇంకో కంకి తీసుకొని పొట్టు చీల్చాడు. "మీరు ఆ దిక్కు రాకుండ్రి. మీరు ఆడ నిలబడితే గుర్తువడుతడు."

దామోదర్‌రావుకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందర ఏడవడానికి మొహం చెల్లక, కరీంనగర్ బస్సు ఎప్పుడుందని ఐలవ్వను అడిగాడు.